సీడీలలోని పాటలకు మూలప్రతి

ఈ సంవత్సరము వేసవి సెలవులకు ముందు మన పాఠశాల సంగీతపు గదిలోని పాత బీరువాను శుభ్రపఱచు పని మాకును, తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందఱికిని పడినది. హార్మోనియము పెట్టెకు వెనుక, చినిఁగిన పాటల పుస్తకముల క్రింద, దారముతోఁ గట్టిన సీడీల కట్టలు రెండు కనఁబడినవి. వానిలోఁ గొన్ని అంగడిలోఁ గొన్నవి. తక్కినవి వార్షికోత్సవములలోను, క్రిస్మసు కార్యక్రమములలోను మన పిల్లలు పాడిన పాటలను ఆయా సంవత్సరములలో ఎవరో పట్టి, కంప్యూటరులో సీడీలకెక్కించి యిచ్చినవి. పిల్లలు వానిని చూచినతోడనే, "మాస్టారూ, వీటిని కంప్యూటరులోకి ఎక్కించవచ్చునా? ఏ సాఫ్టువేరు మంచిది? ఎంపీ3 చాలునా?" అని యడిగిరి. అటుపిమ్మటి తలిదండ్రుల సమావేశములో ఇద్దఱు ముగ్గురు పెద్దలును ఇదే ప్రశ్న వేసిరి. వారి యిండ్లలోను పెండ్లిపాటలు, ఘంటసాలవారి పద్యములు, నాటకపద్యములు, కీర్తనలు గల సీడీలు అటకలమీఁద ఉన్నవఁట. వానిని ఆడించు యంత్రములు మూలపడినవి. క్రొత్తగాఁ గొను కంప్యూటర్లలో సీడీ పెట్టు అఱయే యుండుట లేదు.

కావున ఈ విషయమును గూర్చి మేము ఎఱిఁగినంతవఱకు నాలుగు మాటలు వ్రాయఁబూనితిమి. ఇది యంత్రములకు సంబంధించిన చిన్న విషయమని కొందఱికిఁ దోఁచవచ్చును. మాకును ఒకప్పుడట్లే తోఁచినది. అందువలన జరిగిన నష్టమును మొదట ఒప్పుకొని, తరువాత సలహా చెప్పుట న్యాయము.

మేము ఈ వృత్తిలోఁ బ్రవేశించిన క్రొత్తలో మాకు సంగీతము నేర్పిన ఒక వృద్ధోపాధ్యాయుఁడు ఉద్యోగవిరమణ చేసిరి. ఆ వీడ్కోలు సభలో ఆయన మొదట ఒంటరిగాను, పిమ్మట పిల్లలతోఁ గలిసియు పాడిరి. ఆ పాటలను ఒక సీడీకెక్కించి మాకిచ్చిరి. అప్పటి మా సెల్‌ఫోనులోని మెమరీ కార్డు మిక్కిలి చిన్నది. దానిలో ఎక్కువ పాటలు పట్టవలెనను ఆశతో మేము ఆ సీడీని 64 కిలోబిట్ల ఎంపీ3గా మార్చుకొంటిమి. పని తీఱినదిగదాయని సీడీని పెరటి జామచెట్టునకు, చిలుకలను బెదరించుటకై, దారముతో వ్రేలఁగట్టితిమి. ఎండకు వానకు అది కొన్ని నెలలలో పొట్టు లేచిపోయినది. పదియేండ్లు గడచిన పిమ్మట ఆ పెద్దాయన కాలధర్మము చెందిరి. సంస్మరణ సభలో ఆయన గొంతు వినిపింపుఁడని ఆయన కుమార్తె మమ్ముఁ గోరినది. ఉన్న ఎంపీ3నే పెద్ద లౌడుస్పీకరులో పెట్టితిమి. గొంతు కుండలోనుండి వచ్చినట్లున్నది. హార్మోనియము నీళ్లలో మునిఁగినట్లున్నది. ఆయన ప్రతి చరణాంతమునను తీయు సన్నని గమకము ఎక్కడను లేదు. ఆమె యేమియు అనలేదు. మాకు మాత్రము తల యెత్తి చూచుటకు ధైర్యము చాలలేదు.

ఆ దినమునుండి మేము నేర్చుకొన్న పాఠము ఒక్కటియే. ఒక సీడీని కంప్యూటరులోనికి ఎక్కించునపుడు మనము చేయునది ఫోనులో వినుటకు ఒక ఫైలు మాత్రము కాదు. ఆ సీడీ నశించిన తరువాత దాని స్థానమున నిలువవలసిన మూలప్రతి. సాఫ్టువేరును, ఫార్మాటును ఈ దృష్టితోనే ఎన్నుకొనవలెను.

ఇది బోధపడుటకు సీడీ యన నేమో కొంత తెలియవలెను. ఫిలిప్స్, సోనీ అను రెండు సంస్థలు కలిసి 1980లో దీని నియమములను ఏర్పఱచినవి. 1982 అక్టోబరులో జపానులో మొదటిసారి విక్రయమునకు వచ్చినది. ఇది పండ్రెండు సెంటీమీటర్ల వెడల్పు గల పాలికార్బనేటు బిళ్ల. దానిపై పలుచని అల్యూమినియపు పూతయు, ఆ పూతపై సన్నని వార్నిషు పొరయు ఉండును. మధ్యనుండి అంచువఱకు చుట్లుచుట్లుగా సాగు సూక్ష్మమైన గుంటల వరుసను లేసరు కిరణము చదువును. ఆ గుంటలలో నున్నవి అంకెలు. ధ్వనితరంగముయొక్క ఎత్తును సెకండునకు 44,100 మాఱులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా, కుడియెడమ చెవులకు వేర్వేఱుగా, వ్రాసియుంచిరి. అనఁగా సెకండునకు 14,11,200 బిట్లు. గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఈ అంకెలను ఉన్నవియున్నట్లు కంప్యూటరులోనికి దింపుకొనుటనే రిప్పింగు అని యందురు.

"అంకెలే గదా, ఏ సాఫ్టువేరుతోఁ దింపినను అవియే వచ్చును" అని విద్యార్థులనవచ్చును. ఇక్కడనే చిక్కు గలదు. మామూలు ఫైళ్లు గల సీడీలో, చదువుటయందు తప్పు దొరలినచో దిద్దుకొనుటకై అదనపు సవరణాంకెల పొర యొకటి యుండును. పాటల సీడీలో ఆ అదనపు పొర లేదు. ఉన్న సవరణ శక్తి చిన్న గీఁతలవఱకే చాలును. గీఁత పెద్దదైనచో యంత్రము ముందువెనుకల సంఖ్యలను చూచి మధ్యసంఖ్యను ఊహించి వేసికొనును. పాట ఆగిపోకుండ వినువారికి ఇది ఉపకారమే. ప్రతి వ్రాసికొనువారికి మాత్రము అపకారము. ఏలయన ఊహించి వేసినదానిని అసలుదానినుండి తరువాత ఎవ్వరును వేఱుపఱుపలేరు. పూర్వము తాళపత్రములకు ప్రతులు వ్రాయువారిలో ఇట్టి రెండు తెగలవారుండెడివారు. పురుగు తొలిచినచోట ఖాళీ విడిచి వ్రాయువాఁడొకఁడు. తనకుఁ దోఁచిన పదమును చొప్పించి, పద్యము నడిచినదిగదాయని సంతోషించువాఁడొకఁడు. వీరిలో రెండవవాఁడు ప్రమాదకరుఁడు.

కావున సాఫ్టువేరును ఎన్నుకొనుటకు మా ప్రమాణమిది: అది ఎంత వేగముగాఁ జదువునని కాదు, చదివినదానిని మరల చదివి సరిచూచునా, సరిపడనిచోట దాఁపక చెప్పునా యని. కంప్యూటరుతోపాటు వచ్చు పాటల సాఫ్టువేర్లు అనేకము ఒక్కసారి చదివి, తప్పులను చెప్పక, పని ముగిసినదని ప్రకటించును. ప్రత్యేకముగా ఈ పనికొఱకే చేసినవి వేఱు. విండోసు గలవారికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ యనునది కలదు. ఇది ఆండ్రే వీథాఫ్ అను జర్మనీ దేశస్థుఁడు వ్రాసినది. సొంత ఉపయోగమునకు ఉచితము. ప్రతి భాగమును కనీసము రెండుమాఱులు చదివి, రెండును ఒకటి కానిచో మరల మరల చదివి, తుదకు సందేహము మిగిలినచో ఏ పాటలో ఏ నిమిషమున మిగిలినదో ఒక చిట్టాగా వ్రాసియిచ్చును. మాకింటోషు గలవారికి ఎక్స్‌ఎల్‌డీ యనునదియు, లినక్సు గలవారికి సీడీపారనోయా, విప్పర్ అనునవియు ఇట్టివే. ఫ్రీయాక్ అనునది మూఁడింటిమీఁదను నడుచును, క్రొత్తవారికి సులభము, దానిలోను జాగ్రత్తగాఁ జదువు పద్ధతి కలదు, గాని దానిని మనమే కోరుకొనవలెను.

వీనిలోఁ గొన్నింటికి ఆక్యురేట్‌రిప్ అను మఱియొక సహాయము కలదు. మీరు దింపిన పాటయొక్క అంకెలనుండి గణితముచేత ఒక చిన్న సంఖ్యను రాఁబట్టి, అదే సీడీని లోకములో ఇతరులు తమ తమ యంత్రములతోఁ దింపినప్పుడు వచ్చిన సంఖ్యతో అది పోల్చిచూచును. తరగతిలో ఒకరి నొకరు చూడకుండ లెక్క చేసిన పదిమందికి ఒకే జవాబు వచ్చినచో ఉపాధ్యాయుఁడు దానిని నమ్మును గదా! సి. పి. బ్రౌనుదొరగారు (1798–1884) వేమన పద్యములను అచ్చువేయింపఁదలఁచినప్పుడు ఒక్క ప్రతిని నమ్మక, అనేక ప్రతులను తెప్పించి సరిపోల్చించెను. ఇదియు అట్టి పద్ధతియే. అయితే ఈ సహాయము అంగడిలో అమ్మిన సీడీలకే పనికివచ్చును. మన పాఠశాల పాటల సీడీ లోకములో ఇంకెవరి వద్దను లేదు. పోల్చుటకు సాక్షి లేఁడు. అట్టివానిని మనమే రెండుమాఱులు, సాధ్యమైనచో రెండు వేర్వేఱు యంత్రములతో, దింపి సరిచూచుకొనవలెను. శ్రమ రెట్టింపగును. కాని మిక్కిలి శ్రమ కోరునవే మిక్కిలి విలువైనవి.

దింపుటకు ముందు సీడీని మెత్తని బట్టతో మధ్యనుండి అంచునకు తిన్నగాఁ దుడువుఁడు, గుండ్రముగాఁ దుడువకుఁడు. గుండ్రముగాఁ బడిన గీఁత గుంటల వరుసవెంబడియే పోవును; అది దిద్దుటకు కష్టము. మెఱయు వైపుననే జాగ్రత్త వలయునని చాలమంది యనుకొందురు. నిజమునకు పేరు వ్రాయు వైపే సుకుమారమైనది. అటువైపున అల్యూమినియపు పూతకు రక్షణ ఒక్క పలుచని వార్నిషు మాత్రమే. ఇంటిలోఁ గంప్యూటరుతో ఎక్కించిన సీడీలు మఱింత బలహీనములు. వానిలోని వ్రాత రంగుపొరలో నుండును. ఎండకును వేడికిని ఆ రంగు క్రమముగా చెడును. అందుచేత ముందు వానినే దింపుఁడు. అంగడి సీడీలు కొన్నాళ్లు ఆఁగఁగలవు.

ఇఁక ఫార్మాటు సంగతి. దీనిని ఇంగ్లీషు వ్యాకరణపు తరగతిలోని రెండు పనులతోఁ బోల్చి చెప్పెదము. ఒక పుట వ్యాసమును మూఁడవవంతునకు తగ్గించి వ్రాయుమని మీకిత్తుము. దానికి సంగ్రహమని పేరు. షార్టుహ్యాండు నేర్చినవాఁడు అదే పుటను చిన్న చిన్న గుఱుతులతో సగము చోటులో వ్రాసికొనును. రెండును చిన్నవే. కాని షార్టుహ్యాండునుండి అసలు పుటను అక్షరము పొల్లుపోకుండ మరల వ్రాయవచ్చును. సంగ్రహమునుండి వ్రాయలేము, విడిచిన వాక్యములు విడిచినవే.

ఎంపీ3 సంగ్రహము వంటిది. మనుష్యుని చెవి గుఱుతింపని ధ్వనులను ఇది తీసివేయును. పెద్ద డప్పు మ్రోఁగుచుండఁగా ప్రక్కవాని గుసగుస వినఁబడదు గదా; వినఁబడని ఆ గుసగుసను వ్రాయుటయెందుకని దీని వాదము. ఎంత తక్కువ చోటు ఇచ్చెదమో అంత ఎక్కువ తీసివేయును. 128 కిలోబిట్లనిన అసలులో సుమారు పదునొకండవ వంతు. మేము ఆ వృద్ధోపాధ్యాయుని పాటకిచ్చిన 64 కిలోబిట్లనిన ఇరువదిరెండవ వంతు. ఏఏసీ, ఓగ్ వోర్బిస్, 2012లో వచ్చిన ఓపస్ అనునవియు ఈ తెగవే. వీనిలో ఓపస్ తక్కువ చోటులో ఎక్కువ నేర్పు చూపును. అయినను సంగ్రహము సంగ్రహమే.

ఫ్లాక్ అనునది షార్టుహ్యాండు వంటిది. జాష్ కోల్సన్ అను అమెరికా దేశస్థుఁడు దీనిని రూపొందించెను. 2001లో మొదటి పూర్ణరూపము వెలువడినది. అసలు అంకెలలో ఒక్కటియు పోదు. చోటు మాత్రము అసలులో ఇంచుమించు సగమునకో, మూఁడింట రెండు వంతులకో తగ్గును. విప్పినప్పుడు సీడీలో నున్న అంకెలే, వెనుకముందులు కాకుండ, వచ్చును. ఇంకొక మేలు: అసలు ధ్వని అంకెలనుండి తీసిన ఒక గుఱుతుసంఖ్య ఫైలులోనే ఉండును, ఇరువదియేండ్ల తరువాతనైనను ఫైలు చెడినదో లేదో దానిచేత పరీక్షింపవచ్చును. దీని నియమములు అందఱికిని తెఱచియున్నవి. ఎవరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు. 2024 డిసెంబరులో ఇంటర్నెట్టు నియమములను ప్రకటించు సంఘమువారు దీనిని తమ ప్రమాణపత్రములలో 9639వ సంఖ్యతోఁ బ్రకటించిరి. ఆపిల్ వారి అలాక్ అనునదియు ఇట్టిదే. 2004లో వచ్చి, 2011లో అందఱికిని తెఱవఁబడినది. ఆపిల్ సంగీత సాఫ్టువేరులో పాటలు చేర్చుకొనువారికి అది అనుకూలము. ఫ్లాక్‌నుండి అలాక్‌నకు, అలాక్‌నుండి ఫ్లాక్‌నకు ఎప్పుడైనను నష్టము లేక మార్చుకొనవచ్చును గనుక ఈ రెండింటిలో ఏది యని కలహింపఁ బనిలేదు. వేవ్ అనునది అంకెలను ఏమియు తగ్గింపక ఉంచునది. తప్పు లేదు, గాని చోటు ఎక్కువ, పాటపేర్లను నిలువఁబెట్టుకొనుటలో బలహీనము.

కావున మా అభిప్రాయము స్పష్టము. మూలప్రతి ఫ్లాక్‌లో నుండవలెను. ఫోనులకును, పెన్‌డ్రైవు పెట్టి వాయించు స్పీకర్లకును ఎంపీ3 ప్రతులను ఆ మూలమునుండి కావలసినప్పుడెల్ల తీసికొనవలెను. ఎంపీ3 ఆడని యంత్రము అరుదు. దాని పేటెంట్ల చిక్కులును 2017తో తీఱినవి. 192 లేక 256 కిలోబిట్లు ఇచ్చినచో పాటలకు చాలును. ఎంపీ3ని మేము నిషేధించుట లేదు. దానికి తగిన స్థానము చూపుచున్నాము.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంగ్రహమునకు సంగ్రహము వ్రాసినచో ఏమగునో మీకుఁ దెలియును. ఎంపీ3ను ఇంకొక ఎంపీ3గా మార్చినచో అట్లే మఱికొంత పోవును. ఎంపీ3ను ఫ్లాక్‌గా మార్చినచో చోటు పెరుగును గాని పోయినది రాదు. ఒకప్పుడు బజారులలో "ఒకే సీడీలో రెండువందల పాటలు" అని అమ్మినవి మీ యిండ్లలో నుండవచ్చును. వానిలో నున్నవి ముందే ఎంపీ3లు. వానిని రిప్పింగు చేయనక్కఱలేదు. ఉన్న ఫైళ్లను అట్లే ఎత్తి పెట్టుకొనుఁడు. వానిని ఫ్లాక్‌గా మార్చి మూలప్రతి దొరకినదనుకొనుట తన్ను తాను మోసపుచ్చుకొనుట.

దీనికి ఆక్షేపణలు చెప్పువారున్నారు. మన అధ్యాపకుల గదిలోనే మూఁడు విన్నాము.

మొదటిది: "256 కిలోబిట్ల ఎంపీ3కును ఫ్లాక్‌నకును భేదము ఎవరి చెవికిఁ దెలియును?" ఈ మాట చాలవఱకు నిజము. పేరు చెప్పక రెండును వినిపించినచో మాకును తెలియదని మేము వినయముగా ఒప్పుకొందుము. ఫ్లాక్ చెవికి మేలని మేము చెప్పుట లేదు. నేఁటి చెవికి చాలునది రేపటి అవసరమునకు చాలకపోవచ్చునని మాత్రమే చెప్పుచున్నాము. పాతపాటలోని రొదను తగ్గింపవలసివచ్చిననాఁడు, గొంతును వాద్యమునుండి వేఱుచేయవలసివచ్చిననాఁడు, ఎంపీ3ను మించినది వచ్చి దానికి మార్చవలసివచ్చిననాఁడు, పూర్ణమైన మూలము కావలెను. మా జామచెట్టు సీడీ మాకుఁ దెలిపినదిదియే.

రెండవది: "ఇంత చోటు ఎక్కడిది?" 2005 ప్రాంతమున ఈ ప్రశ్న సమంజసముగా నుండెను. ఇప్పుడు కాదు. గంట సంగీతము ఫ్లాక్‌లో 400 మెగాబైట్లనుకొన్నను, ఒక టెరాబైటు హార్డుడిస్కులో రెండువేల గంటలకు మించి పట్టును. మన బీరువాలోని సీడీలన్నియు దానిలో ఒక మూలకు చాలవు.

మూఁడవది: "అన్ని పాటలును ఇంటర్నెట్టులో వినవచ్చును గదా, ఈ శ్రమ యేల?" పేరుపడిన సినిమా పాటలు వినవచ్చును, అదియు ఆ సంస్థల ఒప్పందములు నడచునంతవఱకే. కాని చిన్నచిన్న సంస్థలు వెలువరించిన నాటకపద్యములు, బుఱ్ఱకథలు, హరికథలు, కీర్తనలు ఎన్నియో అక్కడ లేవు. మన పిల్లలు పాడినది ఎట్లును లేదు. మనకు సమీపమందున్న విజయనగర సంగీత కళాశాలలో ఉపాధ్యాయులై, పిమ్మట అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) వాయులీనమును మనమిప్పుడు వినుచున్నామనిన, గ్రామఫోను ప్లేట్లను ఇండ్లలో బట్ట చుట్టి దాఁచి, జాగ్రత్తగా క్రొత్త సాధనములకు ఎక్కించిన వారి ఉపకారము దానిలో ఎంతయో కలదు. ఆ దాఁచినవారు "లోకములో ఎక్కడనో ఉండును లెమ్ము" అనుకొన్నచో మనకేమి మిగులును?

అయితే అతి జాగ్రత్తయు ఒక రోగమే. కొందఱు యువకులు యంత్రము పాటను సెకండులో నూఱవవంతు ముందు మొదలుపెట్టినదా, వెనుక మొదలుపెట్టినదా యని నెలలకొలఁది తర్కించి ఒక్క సీడీయైనను దింపకయుందురు. ఆ తేడా వినువారికి లెక్క లేదు; మంచి సాఫ్టువేర్లు చాలవఱకు తామే దానిని సవరించుకొనును. ఒక పాటలో ఒక్క చోట సందేహము మిగిలినను సీడీని పాఱవేయకుఁడు. చిట్టాను ఫైలుతోపాటు ఉంచి ముందునకు సాగుఁడు. ఖాళీని ఖాళీయని చెప్పిన ప్రతి నమ్మఁదగిన ప్రతియే.

పేర్లు వ్రాయుటయు ఈ పనిలో సగభాగము. దింపిన ఫైలునకు "ట్రాక్ 01" అని పేరుండినచో పదియేండ్ల తరువాత దానిని ఎవ్వరును గుఱుతింపలేరు. సీడీ పెట్టఁగనే పేర్లను తెచ్చియిచ్చు ఇంటర్నెట్టు పట్టికలు కలవు, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అట్టిది. కాని తెలుఁగు సీడీలకు అవి తఱచు తప్పు పేర్లిచ్చును, లేదా యేమియు ఇయ్యవు. ఫ్రీడీబీ యను పట్టిక 2020లో మూఁతపడినది. కావున పేర్లను మీరే, తెలుఁగు లిపిలోనే, వ్రాయుఁడు. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) పేరును ఒకరొకవిధముగా, మఱియొకరింకొకవిధముగా వ్రాయుదురు. ఆయన కీర్తనలను ఒకచోఁ జేర్చుట దుర్ఘటమగును. ఫ్లాక్ ఫైలులోని పేర్లు యూనికోడు పద్ధతిలోనే యుండును గనుక తెలుఁగునకు ఆటంకము లేదు. పూర్వము ముద్రణాలయములు వాడిన ప్రత్యేక ఫాంట్లతో వ్రాయకుఁడు. బీరువాలో దొరకిన పాటల పట్టిక ఒకటి అట్టి ఫాంటులోనున్నందున ఇప్పుడు చదువ వీలులేని గజిబిజిగా కనఁబడుచున్నది. పాట పేరు, వ్రాసినవారు, పాడినవారు, వాద్యము వాయించినవారు, తేది, స్థలము, ఇవి తప్పక వ్రాయవలెను. తేది తెలియనిచో ఆనాఁటి విద్యార్థుల నడుగుఁడు, వారికిఁ జ్ఞాపకముండును. వారు పోయిన తరువాత అడుగుటకు ఎవ్వరును ఉండరు.

ఇంత చేసి, ఒక్క హార్డుడిస్కులో నుంచి దానిని అదే బీరువాలో పెట్టినచో శ్రమ వృథా. మనది సముద్రతీరము. ఉప్పుగాలి మన కిటికీ ఊచలనే తినివేయుచున్నది. డచ్చివారి శ్మశానములోని రాతిపలకల అక్షరములనే అరగదీయుచున్నది. 2014 అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము తీరమును దాఁటిననాఁడు భీమునిపట్నపు ఇండ్లలో పైకప్పులు లేచి పెట్టెలలోని కాగితములు, ఫోటోలు తడిసిన సంగతి పెద్దలు మఱచియుండరు. కావున మూఁడు ప్రతులుండవలెను: ఒకటి పాఠశాలలో, ఒకటి వేఱొక హార్డుడిస్కులో, వేఱొక యింటిలో, ఒకటి తీరమునకు దూరముగా నున్న ఊరిలోనో, ఇంటర్నెట్టు నిలువచోటులోనో. సంవత్సరమునకొకసారి తెఱచి పరీక్షింపవలెను. సీడీని కూడ పాఱవేయకుఁడు, జామచెట్టునకు కట్టకుఁడు.

ఇఁక నీతిని గూర్చి ఒక్క మాట. మీరు కొన్న సీడీని మీ సొంత వినికిడికై కంప్యూటరులోనికి దింపుకొనుట వేఱు; దానిని పదిమందికిఁ బంచుట వేఱు. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము సొంత ఉపయోగమునకు న్యాయమైన మేరకు చోటిచ్చినది. ధ్వనిముద్రణములకు ప్రచురించిన తరువాత అఱువదియేండ్ల రక్షణయు ఇచ్చినది. స్నేహము పేరిట వాట్సాపులో పాటలన్నియు పంపుట పాడినవారి కష్టమును అపహరించుట. మన పిల్లలు పాడిన పాటలవిషయములో సైతము, వారిని, వారి తలిదండ్రులను అడిగియే ఇతరులకు వినిపింపవలెను.

వచ్చు విద్యాసంవత్సరమున మన సంగీతపు గదిలోని కట్టలు రెండింటిని ఈ పద్ధతిలో దింపుటకు పై తరగతుల విద్యార్థులను జతలుగా ఏర్పఱచఁదలఁచితిమి. ఒకఁడు దింపవలెను, ఒకఁడు సరిచూడవలెను, ఇద్దఱును చిట్టామీఁద తమ పేర్లు వ్రాయవలెను. సీడీ యంత్రము ఇంటిలో నున్న తలిదండ్రులు దానిని కొన్నాళ్లు ఎరవిచ్చినచో మేలు. మన పూర్వవిద్యార్థుల యిండ్లలో ఇట్టి సీడీలున్నచో, అవి ఎంత గీఁతలు పడినవైనను, మాకుఁ దెలుపఁగోరుచున్నాము. ముఖ్యముగా ఆ వీడ్కోలు సభలోని పాటకు మఱియొక ప్రతి ఎవరి అటకమీఁదనైన ఉన్నచో, దానిని మేము రెండుమాఱులు కాదు, పదిమాఱులు చదివించి, ఆయన కుమార్తెకు వినిపింతుము.